కోటి ఆల్బంలు అమ్మిన హ్యామర్ కోర్టు మెట్లెందుకెక్కాడు?

1996 ఏప్రిల్ 1. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఓక్లండ్ నగరం. అక్కడి దివాలా కోర్టులో ఒక పిటిషను దాఖలైంది. మన వాడుక భాషలో చెప్పాలంటే, ఒక పెద్దమనిషి ఐ.పి. పెట్టాడు!

తారీఖు చూస్తే ఎవరో ఏప్రిల్ ఫూల్ చేస్తున్నారనుకోవాల్సిందే. ఎందుకంటే ఆ పెద్దమనిషి ఎవరో కాదు, ఎం.సి. హ్యామర్! ఆరేళ్ళ క్రితం ప్రపంచాన్నంతా వదులు ప్యాంట్లు తొడిగించి అడ్డదిడ్డంగా గంతులేయించిన ర్యాప్ వీరుడు. కోటి ఆల్బంలు అమ్మిన మొదటి ర్యాపర్. సంపాదన 3 కోట్ల 30 లక్షల డాలర్లని ఫోర్బ్స్ పత్రిక లెక్కగట్టిన మొనగాడు. కోర్టుకి ఇచ్చిన కాగితాల్లో మాత్రం అప్పులు 1 కోటీ 30 లక్షల డాలర్ల పైమాటే. ఆస్తులు కోటికి కూడా తక్కువ.

ఓడలు బళ్ళవుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఓడ బండి కావడానికి మధ్యలో ఏం జరిగిందనేదే అసలు కథ. "తాగి తందనాలాడి తగలేసి ఉంటాడు" అని మీలో కొందరు ఈపాటికే తీర్పు చెప్పేసి ఉంటారు. ఆగండి! ఈ కథలో మందు లేదు, జూదం లేదు. ఉన్నదల్లా వేరే. అదేమిటో చెబితే మీరు నొచ్చుకుంటారేమో కూడా!

మైదానంలో గంతులేసిన బుడతడు

హ్యామర్ అసలు పేరు స్టాన్లీ కర్క్ బరెల్. 1962 మార్చి 30న ఓక్లండ్‌లోనే పుట్టాడు. పెద్ద కుటుంబం, చిన్న ఇల్లు. బీదవాళ్ళకి ప్రభుత్వం కట్టించిన క్వార్టర్లలో పెరిగాడు. ఆ ఊళ్ళో ఓక్లండ్ ఏథ్లెటిక్స్ అనే బేస్‌బాల్ జట్టు ఉండేది. మనకి క్రికెట్టు ఎంతో అమెరికా వాళ్ళకి బేస్‌బాల్ అంత. 1972 నుంచి వరసగా మూడేళ్ళు దేశం మొత్తం మీద కప్పు కొట్టిన జట్టది.

లోపలికెళ్ళి ఆట చూడటానికి టిక్కెట్టు కొనే తాహతు లేదు. అంచేత మన స్టాన్లీ స్టేడియం బయట కార్లు ఆపే చోట నిలబడి డాన్సు చేసేవాడు. వచ్చేపోయేవాళ్ళు ముచ్చటపడి చిల్లర వేసేవారు. ఓరోజు జట్టు యజమాని ఛార్లీ ఫిన్లీ ఈ పదకొండేళ్ళ పిల్లాడు కాళ్ళు బార్లా చాపి వేస్తున్న గంతులు చూశాడు. చూసి నవ్వి ఊరుకోలేదు, లోపలికి తీసుకెళ్ళి పనిలో పెట్టుకున్నాడు. ఆటగాళ్ళకి బ్యాట్లు అందించడం, సామాన్లు సర్దడం లాంటి పనులు. ఫిన్లీగారు ఉండేది ఎక్కడో షికాగోలో. మ్యాచి జరుగుతుంటే ఈ బుడతడే ఫోనులో బంతి బంతికీ కామెంటరీ చెప్పేవాడట! దానికి మెచ్చి ఆయన ఈ కుర్రాడికి "వైస్ ప్రెసిడెంట్" అని రాసిన టోపీ కూడా పెట్టించాడు.

ఇంతకీ "హ్యామర్" అనే పేరెలా వచ్చింది? హాంక్ ఆరన్ అని హోమ్ రన్‌ల రారాజు ఒకాయన ఉండేవాడు. ఆయన ముద్దుపేరు "హ్యామర్", అంటే సుత్తి. మన కుర్రాడి ముఖంలో ఆయన పోలికలున్నాయని జట్టులో స్టార్ ఆటగాడు రెగ్గీ జాక్సన్ సరదాగా ఆ పేరు పెట్టాడు. పేరు అలా ఉండిపోయింది. సుత్తి అనగానే మనకి గుర్తొచ్చే అర్థం వేరనుకోండి. అదలా ఉంచండి!

కారు డిక్కీయే కొట్టు!

పెద్దయ్యాక బేస్‌బాల్ ఆడాలని చూశాడు, కుదర్లేదు. అమెరికా నౌకాదళంలో చేరి మూడేళ్ళు పనిచేశాడు. అక్కడ చేసింది స్టోర్‌కీపర్ ఉద్యోగం. బయటికొచ్చాక పాటల మీద పడ్డాడు. కానీ పాట రికార్డు చెయ్యాలంటే డబ్బు కావాలిగా? కంపెనీలు గుమ్మం ఎక్కనియ్యవు.

అప్పుడు చిన్నప్పటి బ్యాట్లు మోసిన పుణ్యం అక్కరకొచ్చింది. అదే జట్టులో ఆడిన మైక్ డేవిస్, డ్వేన్ మర్ఫీ తలా 20 వేల డాలర్లు సర్దారు. ఆ పెట్టుబడితో "బస్ట్ ఇట్" అనే సొంత సంస్థ పెట్టాడు హ్యామర్. రికార్డులు తనే అచ్చు వేయించాడు, కారు డిక్కీలో పెట్టుకుని ఊరూరా తిరిగి తనే అమ్మాడు. ఆ రోజుల్లో అతని కొట్టు, గోడౌను, ఆఫీసు అన్నీ ఆ డిక్కీయే!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఈ దశలో హ్యామర్ ఎంత జాగ్రత్త మనిషో గమనించారా? ప్రతి డాలరుకీ లెక్కుంది. ఎవరికి ఎంత ఇవ్వాలో తెలుసు. ఎన్ని రికార్డులు మిగిలాయో డిక్కీ తెరిస్తే కనపడుతుంది. వ్యాపారం తెలియని అమాయకుడు కాదతను. మన కథకి ఈ సంగతి ముఖ్యం.

డిక్కీలో సరుకు వేలల్లో అమ్ముడవుతోందని విని కాపిటల్ రికార్డ్స్ అనే పెద్ద కంపెనీ కబురు పెట్టింది. ఆ సొంత ఆల్బంనే కాస్త మార్చి, 1988లో "లెట్స్ గెట్ ఇట్ స్టార్టెడ్" పేరుతో విడుదల చేశారు. పది లక్షలు దాటింది. కుర్రాడు నిలదొక్కుకున్నాడనుకున్నారు అందరూ. అసలు తుఫాను ఇంకా వెనకుంది!

పదివేలతో తీసిన పాట

1990లో "ప్లీజ్ హ్యామర్ డోంట్ హర్ట్ ఎమ్" ఆల్బం వచ్చింది. దాన్ని ఎక్కడ తయారుచేశారో తెలుసా? చాలా మటుకు టూర్లు తిరిగే బస్సులో, వెనక సీట్ల దగ్గర సామాను పెట్టుకుని! అయిన ఖర్చు పది వేల డాలర్లేనని చెబుతారు. మన సినిమా వాళ్ళ భాషలో ఇది "లో బడ్జెట్" కూడా కాదు, టిఫిన్ల ఖర్చు!

ఆ ఆల్బం అమెరికా పట్టికలో 21 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. అమెరికాలోనే కోటి దాటి అమ్ముడై "డైమండ్" గుర్తింపు పొందిన మొదటి ర్యాప్ ఆల్బం అయింది. అందులో "యు కాంట్ టచ్ దిస్" పాట గురించి కొత్తగా చెప్పాలా? ఆ పాటని మామూలు చిన్న రికార్డుగా విడిగా అమ్మకుండా బిగబట్టారు. పాట కావాలంటే ఆల్బం మొత్తం కొనాల్సిందే! కంపెనీ వారి ఈ చిట్కా బ్రహ్మాండంగా పారింది.

1991లో స్టార్ టీవీ పుణ్యమా అని ఎమ్‌టీవీ మన దేశానికీ వచ్చింది. నేను ఈ పాట మొదటిసారి చూసింది కొత్తగా కేబుల్ పెట్టించుకున్న ఓ మిత్రుడి ఇంట్లో. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! కానీ ఆ ప్యాంటుంది చూశారూ... నడుం నుంచి మోకాళ్ళ దాకా గాలి నింపిన గుమ్మటంలా ఉండి చీలమండల దగ్గర బిగించి కట్టినట్టుంటుంది. ఆ ప్యాంటేసుకుని, నేల మీద నూనె పోసినట్టు అటూ ఇటూ జారుతూ ఆ మనిషి వేసిన అడుగులు చూసి మా మిత్రుడి బామ్మగారు "వీడికి కాళ్ళలో ఎముకలున్నాయా?" అనడిగింది. మూడేళ్ళ తర్వాత 1994లో "ప్రేమికుడు" వచ్చి, రహ్మాన్ "పేట ర్యాప్" మన హాళ్ళలో ఈలలేయించినప్పుడు, ర్యాప్ అనే మాట మనకి కొత్తగా తోచకపోవడానికి ఇలాంటి పాటలే కారణం.

ఇక అక్కడైతే వెర్రి వెయ్యి తలలు వేసింది. హ్యామర్ బొమ్మలు అమ్మారు. "హ్యామర్‌మ్యాన్" పేరుతో పిల్లల కార్టూన్ సీరియల్ వచ్చింది. కూల్‌డ్రింకుల ప్రకటనలు, కోడి వేపుళ్ళ ప్రకటనలు, బూట్ల ప్రకటనలు! 1991లో "ది ఆడమ్స్ ఫ్యామిలీ" సినిమాకి పాట చేస్తే అది హిట్టయింది, అదే పాటకి ఆ ఏటి చెత్తపాటగా "రాజీ" అవార్డూ వచ్చింది. ఒకే పాటకి పూలదండా, చెప్పుదెబ్బా! హ్యామర్ మాత్రం దేన్నీ లెక్కచెయ్యలేదు.

అందరికీ వాటా

జనం గమనించని సంగతొకటుంది. "యు కాంట్ టచ్ దిస్"లో అంతమందిని ఊపేసిన ఆ సంగీతం హ్యామర్ది కాదు. రిక్ జేమ్స్ అనే గాయకుడు 1981లో చేసిన "సూపర్ ఫ్రీక్" పాటలోది. ర్యాప్‌లో ఇది మామూలే. పాత పాటలోంచి ఓ ముక్క తీసి, దాన్ని తిప్పి తిప్పి వాయిస్తూ, దాని మీద తమ మాటలు చెబుతారు. దీన్నే "శాంప్లింగ్" అంటారు.

అయితే ముక్క ఎవరిదో వాళ్ళకి డబ్బు ముట్టాలిగా! రిక్ జేమ్స్ కోర్టుకెళ్ళాడు. చివరికి రాజీ కుదిరింది. పాట రచయితల్లో రిక్ జేమ్స్ పేరూ చేరింది. 1991లో ఆ పాటకి గ్రామీ అవార్డు వస్తే దాంట్లోనూ ఆయనకి భాగం ఇవ్వాల్సి వచ్చింది. ఇకనుంచి ఆ పాట ఎక్కడ మోగినా, రాసినవాడి వాటాలో హ్యామర్‌కి వచ్చేది ఒక భాగమే!

కోటి ఆల్బంలు అమ్ముడయ్యాయంటే కోటి ఆల్బంల డబ్బూ గాయకుడి జేబులోకి వచ్చిందనుకుంటాం. అబ్బే! ముందు కంపెనీ తన వాటా తీసుకుంటుంది. అడ్వాన్సుగా ఇచ్చింది మినహాయిస్తుంది. వీడియోలకీ, ప్రచారానికీ పెట్టిన దాంట్లోనూ కొంత కళాకారుడి ఖాతాలోనే రాస్తుంది. పాత పాటల వాళ్ళ వాటా, మేనేజరు కమీషను, లాయరు ఫీజు, ఆ పైన పన్ను. పుల్లట్టు వేసి పెనం మీంచి విస్తట్లోకి వచ్చేలోగా నలుగురు తలో ముక్క తుంచుకున్నట్టన్నమాట! అయినా సరే, ఆ మిగిలిందే మామూలు మనిషికి పది తరాలకి సరిపోయేంత.

కొండ మీద కోట

డబ్బు రాగానే హ్యామర్ ఓక్లండ్‌కి దగ్గర్లోని ఫ్రీమాంట్ కొండల మీద ఓ కోట కట్టాడు. ఇల్లంటే బాగుండదు, కోటే! పాలరాతి నేలలు, ఈతకొలనులు, టెన్నిస్ కోర్టులు, ఇంట్లోనే సినిమా హాలు, రికార్డింగ్ స్టూడియో, పదిహేడు కార్లు పట్టే గ్యారేజీ. కోటి డాలర్లకి పైనే అయిందని పత్రికలు రాశాయి. కొందరు మూడు కోట్లన్నారు.

దానికి తోడు గుర్రాలు! పందాలు కాయడం కాదు, పందెపు గుర్రాలనే కొన్నారు హ్యామర్ కుటుంబం వాళ్ళు. ఇక్కడా అదృష్టం మొదట్లో చెయ్యి పట్టుకుంది. "లైట్ లైట్" అనే ఆడగుర్రం 1991లో కెంటకీ ఓక్స్ అనే పెద్ద పందెం గెలిచింది. "డాన్స్ ఫ్లోర్" అనే ఇంకో గుర్రం 1992 కెంటకీ డెర్బీలో మూడోదిగా వచ్చింది. ఏళ్ళ తరబడి గుర్రాలు పెంచే జమీందార్లకే దొరకని గౌరవం అది. కానీ గుర్రం పరిగెత్తేది ఏడాదిలో ఏ కొద్దిసార్లో. తినేది మాత్రం రోజూ!

ఉంటే ఉగాది, లేకుంటే శివరాత్రి అన్నారు. హ్యామర్ ఇంట్లో రోజూ ఉగాదే.

నెలకి ఐదు లక్షల జీతాలు

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. హ్యామర్ దగ్గర పనిచేసేవాళ్ళు దాదాపు రెండొందల మంది. నెల తిరిగేసరికి జీతాలకే ఐదు లక్షల డాలర్లు! డాన్సర్లు, వాయిద్యగాళ్ళు, పాడేవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు, కాపలావాళ్ళు, డ్రైవర్లు, వంటవాళ్ళు, ఇంకా "వీళ్ళేం చేస్తారు?" అంటే ఇదీ అని చెప్పలేని వాళ్ళూ!

ఈ అంకెలు చదివి నవ్వినవాళ్ళే అందరూ. "చూశారా దుబారా!" అని ఎగతాళి చేసిన వాళ్ళే. నేను మాత్రం కాగితం, పెన్సిలు తీసుకుని చిన్న భాగహారం చేశాను. ఐదు లక్షల్ని రెండొందలతో భాగించండి. తలకి ఎంతొచ్చింది? రెండున్నర వేల డాలర్లు! కాలిఫోర్నియాలో ఆ రోజుల్లో అది సంసారం నడుపుకోడానికి సరిపోయే మామూలు జీతం. అంటే హ్యామర్ ఎవరికీ రాజభోగాల జీతాలివ్వలేదు. మామూలు జీతమే ఇచ్చాడు. కాకపోతే ఇచ్చినవాళ్ళు మరీ ఎక్కువ.

ఎవరు వాళ్ళంతా? తను పెరిగిన ఓక్లండ్ వీధుల కుర్రాళ్ళు. పని దొరకనివాళ్ళు. కొందరు జైలుకెళ్ళొచ్చి గుమ్మం గుమ్మం తిరిగినా ఎవరూ ఉద్యోగమివ్వని వాళ్ళు. "నా వాళ్ళకి పనిచ్చాను, అందుకు విచారం లేదు" అనే అర్థం వచ్చేలా హ్యామర్ ఆ తర్వాత ఎన్నోచోట్ల చెప్పుకొచ్చాడు. చిన్నప్పుడు ఫిన్లీ తనని వీధిలోంచి లోపలికి పిలిచాడు కదా, తనూ అలాగే నలుగుర్ని పిలిచాడు. తేడా ఒక్కటే. ఫిన్లీ పిలిచింది ఒక్కణ్ణి. హ్యామర్ పిలిచింది ఊరిని!

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. హ్యామర్ కూర్చుని తినలేదు. కూర్చోబెట్టి పెట్టాడు. అయినా కొండ కరిగింది. కొండకి మంచీ చెడ్డా తెలియదు కదండీ!

ఇంకో ముతక లెక్క కూడా వేద్దాం. 3 కోట్ల 30 లక్షలు మొత్తం చేతికొచ్చాయనే అనుకుందాం. మూడోవంతు పన్నుకి తీసేస్తే 2 కోట్ల 20 లక్షలు. ఇంటికి తక్కువలో తక్కువ కోటి. మిగిలింది 1 కోటీ 20 లక్షలు. జీతాలు ఏడాదికి 60 లక్షలు. అంటే రెండేళ్ళు! జీతాల్ని ఖర్చుకింద చూపిస్తే పన్ను కొంత తగ్గుతుంది, నిజమే. అలాగని గుర్రాల దాణా, విమానం ఛార్జీలు, కోర్టు ఖర్చులు నేను కలపనేలేదు. ఎలా తిప్పినా లెక్క 1993, 94 దాటదు. దాటాలంటే ఇంకో కోటి ఆల్బంలు అమ్ముడవాలి!

హిట్టే గానీ...

అక్కడే వచ్చింది చిక్కు. 1991 చివర్లో వచ్చిన "టూ లెజిట్ టు క్విట్" ఆల్బం ఫ్లాపని చాలామంది అనుకుంటారు. తప్పు. అమెరికాలో 30 లక్షలు దాటి అమ్ముడైంది. ఇంకెవరికైనా అయితే ఊరేగింపు చెయ్యాల్సిన హిట్టు! కానీ దాని వీడియో ఒక్కటే అప్పటికి అత్యంత ఖరీదైన వాటిలో ఒకటి. ఆటగాళ్ళు, సినిమా తారలు, చివరికి పెద్దాయన జేమ్స్ బ్రౌన్ కూడా అందులో కనిపిస్తారు. స్టేజి మీద డజన్లకొద్దీ జనంతో టూరు మొదలుపెడితే, టిక్కెట్ల డబ్బు ఆ సరంజామా మొయ్యడానికి చాలక మధ్యలోనే ఆపెయ్యాల్సి వచ్చింది.

మన ఫిల్మ్ ఛాంబర్ వీధుల్లో దీనికో మాటుంది: "కాస్ట్ ఫెయిల్యూర్". జనం చూశారు, కలెక్షన్లు వచ్చాయి, పెట్టిందే మరీ ఎక్కువ! బస్సు వెనక సీట్లో పదివేలతో తీసిన ఆల్బం కోటి అమ్ముడైతే, కోట్లు కుమ్మరించింది అందులో మూడో వంతు అమ్ముడైంది. ఖర్చుకీ ప్రజాదరణకీ సంబంధం లేదని సినిమా పత్రికలు చదివే మీకు నేను చెప్పాలా?

ఈలోగా గాలి మారింది. లాస్ ఏంజెలెస్ వైపు నుంచి డాక్టర్ డ్రే, స్నూప్ డాగ్ లాంటి వాళ్ళు తుపాకులు, వీధి గొడవల పాటలతో దూసుకొచ్చారు. "నీ ర్యాప్ పిల్లల ర్యాప్, ప్రకటనల ర్యాప్" అని తోటివాళ్ళే హ్యామర్‌ని వెక్కిరించారు. 1994లో అతనూ వేషం మార్చి, వదులు ప్యాంట్లు వదిలేసి, కరుకు మనిషిలా "ది ఫంకీ హెడ్‌హంటర్" తెచ్చాడు. పాత అభిమానులు మొహం తిప్పుకున్నారు, కొత్తవాళ్ళు నమ్మలేదు. 1995లో టుపాక్ షకూర్ ఉన్న డెత్ రో కంపెనీలోనూ చేరాడు. అక్కడా ఇమడలేకపోయాడు.

ఆదాయం దిగింది. జీతాల పట్టిక మాత్రం వెంటనే దిగలేదు. ఎలా దిగుతుంది? లాయరు నోటీసిస్తే కోర్టుకెళ్ళి వాదించుకోవచ్చు. చిన్ననాటి స్నేహితుణ్ణి పిలిచి "రేపట్నించి రావద్దురా" అనడమెలా? గుర్రాన్ని అమ్మడం తేలిక, మనిషిని మానిపించడం కష్టం.

అలా వచ్చింది 1996 ఏప్రిల్ 1. ఆ తర్వాత కొండ మీద కోట అమ్మకానికొచ్చింది. కట్టినదాంట్లో సగం కూడా రాలేదు, 50 లక్షల డాలర్ల చిల్లరకి పోయిందన్నారు. ఏ ఇంటికైనా అంతే. యజమాని అభిరుచికి పెట్టిన డబ్బుని కొనేవాడు లెక్కలో వెయ్యడు.

హ్యామర్ ఒక్కడేనా?

కాదు. హ్యామర్ కంటే తొమ్మిది నెలల ముందే, 1995 జూలైలో టి.ఎల్.సి. అనే ముగ్గురు అమ్మాయిల బృందం దివాలా పిటిషన్ వేసింది. అందులో "లెఫ్ట్ ఐ" అనే అమ్మాయి ర్యాపర్. అప్పటికి వాళ్ళ "క్రేజీసెక్సీకూల్" ఆల్బం జనం చేతుల్లో మోగిపోతోంది! అప్పులు 35 లక్షల డాలర్లు. వాళ్ళు కోటలు కట్టలేదు, గుర్రాలు కొనలేదు. సంతకం పెట్టిన కాంట్రాక్టులే అలా ఉన్నాయి. రికార్డులు లక్షల్లో పోతున్నా, ఒక్కో రికార్డు మీద ముగ్గురికీ కలిపి డాలరు కూడా రాని బేరం! హ్యామర్‌ది ఖర్చు కథ అయితే, వీళ్ళది సంతకం కథ.

మూడో రకం కూడా ఉంది. 2015 జూలైలో 50 సెంట్ అనే ర్యాపర్ ఐ.పి. పెట్టాడు. ఈయన గట్టివాడు! అంతకుముందు విటమిన్ వాటర్ అనే పానీయం కంపెనీలో వాటా తీసుకున్నాడు. 2007లో ఆ కంపెనీని కోకా కోలా 410 కోట్ల డాలర్లకి కొనేసింది. 50 సెంట్‌కి కోట్ల డాలర్లు ముట్టాయి. తర్వాత కోర్టు కేసుల్లో పెద్ద పెద్ద పరిహారాలు కట్టమని తీర్పులొచ్చేసరికి, చట్టం ఇచ్చిన గొడుగు కింద చేరి, అప్పులవాళ్ళతో వాయిదాలు కుదుర్చుకుని, 2 కోట్ల డాలర్లకి పైగా చెల్లించి 2017లో బయటపడ్డాడు. మధ్యలో నోట్ల కట్టలు పేర్చి ఫొటోలు దిగితే "ఏమిటిది?" అని జడ్జిగారే అడిగారు. "అవి ఉత్తుత్తి నోట్లండీ, షూటింగువి" అన్నది అయ్యగారి జవాబు!

దివాలా అనేది ఒకటే మాట. ఒకరికి అది కూలిన ఇల్లు. ఒకరికి చెడ్డ కాంట్రాక్టు మీద తిరుగుబాటు. ఒకరికి వానొచ్చినప్పుడు తెరిచే గొడుగు. పేపర్లో పెద్దక్షరాలు చూసి అందర్నీ ఒకే గాటన కట్టకూడదు.

పాట ఇంకా సంపాదిస్తోంది!

హ్యామర్ ఏమయ్యాడంటారా? మతబోధకుడయ్యాడు, టీవీలో ప్రసంగాలిచ్చాడు. 2005లో ఒక బీమా కంపెనీ ప్రకటన వచ్చింది. పెద్ద బంగళా ముందు హ్యామర్ బంగారు ప్యాంటుతో డాన్సు చేస్తుంటాడు. మరుక్షణం అదే బంగళా జప్తయి, ఆయన దిగాలుగా కూర్చుంటాడు! తన పతనాన్ని తనే నటించి దానికీ పారితోషికం పుచ్చుకున్నాడు. గుండె దిటవు ఉండాలండీ దానికి!

ఆ తర్వాత డాన్సు వీడియోల కోసం డాన్స్‌జామ్ అనే కంప్యూటర్ వ్యాపారంలో భాగస్వామి అయ్యాడు. 2012లో "గంగ్నమ్ స్టైల్" సై అమెరికన్ మ్యూజిక్ అవార్డుల స్టేజి ఎక్కితే, పక్కన వచ్చి గంతులేసింది మన హ్యామరే. యాభై ఏళ్ళ వయసులో! 2013లో పాత పన్ను బాకీ దాదాపు 8 లక్షల డాలర్లని ప్రభుత్వం మళ్ళీ వెంటబడితే, "కట్టేశాను, రసీదు కూడా దాచాను" అని జవాబిచ్చాడు. రసీదు! డిక్కీ రోజుల మనిషి తిరిగొచ్చాడన్నమాట. 2020లో అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ పండుగ సూపర్ బౌల్‌కి ఓ చిరుతిళ్ళ కంపెనీ వాళ్ళు మళ్ళీ అదే పాటతో, అదే హ్యామర్‌తో ప్రకటన తీశారు. పుట్టిన ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా ఆ పాట ఇంకా పనిచేస్తోంది. కోట పోయింది, గుర్రాలు పోయాయి. పోనిది పాట ఒక్కటే.

అందుకే ర్యాప్ రాస్తున్న, షార్ట్ ఫిల్ములకి పాటలు కడుతున్న మన కుర్రకారుకి ఓ మాట. మొదటి చెక్కు వచ్చిన రోజున కారు షోరూముకి వెళ్ళే ముందు, ఆ పాట హక్కు ఎవరి పేరున ఉందో చూసుకోండి. కాగితం మీద సంతకం పెట్టేముందు చదివించుకోండి. పన్ను డబ్బు మీది కాదు, మీ దగ్గర దాచిన పరాయి సొమ్ము. దాన్ని ముట్టుకోకండి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమని మీ అమ్మ చెబుతూనే ఉంటుంది. ఈ విషయంలో అమ్మ మాటే ఫోర్బ్స్ పత్రిక కంటే నమ్మదగ్గది.

కానీ ఇంత చెప్పాక కూడా నాకు తేలని ప్రశ్న ఒకటుంది. అది మీకే వదిలేస్తున్నాను. మీరే హ్యామర్ అనుకోండి. 1992, ఆల్బం అనుకున్నంత పోలేదు. ముందు రెండొందల మంది నిలబడ్డారు. అందరూ మీ వీధివాళ్ళే. కొందరు మిమ్మల్ని చిన్నప్పుడు ఎత్తుకు తిరిగినవాళ్ళు, కొందరికి మీ దగ్గర తప్ప ఇంకెక్కడా పని దొరకదు. వందమందిని పంపేస్తే మీ ఇల్లు నిలబడుతుంది. పంపకపోతే రెండేళ్ళలో అందరూ రోడ్డు మీదే, మీతో సహా.

ఎవర్ని ముందు పిలిచి "రేపట్నించి రావద్దు" అంటారు? ఆలోచించి రాయండి. పేరు కూడా రాయాలి సుమా!